అట్ట దాచుకుని కాగితాలు చింపేసిన కుర్రవాడు



గత నెలలో పది రోజుల పాటు గ్రూపులో ఉదయకాల వాక్యం రాలేదని చాలామంది అడిగారు. "అయ్యగారికి ఒంట్లో బాగాలేదా?" అని కొందరు, "ఫోన్ పోయిందా?" అని కొందరు మా ఇంటికి కబురు చేశారు. నాకు బాగానే ఉంది. ఫోనూ పోలేదు. నేనే దాన్ని మా అబ్బాయి చేతిలో పెట్టి, మాట్లాడటానికి తప్ప మరి దేనికీ పనికిరాని పాత బటన్ ఫోన్ ఒకటి జేబులో వేసుకుని, హైదరాబాదు గుడిమల్కాపూర్‌లో ఉన్న మా అక్క ఇంటికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో, అక్కడ ఏం చదివానో, ఆ చదివింది నన్ను ఏం చేసిందో ఈ వారం రాస్తున్నాను. కొంచెం పెద్దదే. తీరిక చేసుకుని చదవండి.

ముందుగా మీ అందరి ఎదుట ఒక తప్పు ఒప్పుకోవాలి.

మూడేళ్లుగా ప్రతిరోజూ తెల్లవారి ఐదున్నరకల్లా మీ అందరికీ వాక్యం కార్డు పంపుతూ వచ్చాను. గులాబీల బొమ్మ, ఉదయించే సూర్యుడు, దాని మీద ఒక వచనం. మీరు చేతులు జోడించిన బొమ్మలు తిరిగి పంపేవారు, నాకు సంతోషంగా ఉండేది. అయితే ఆ కార్డుల్లో చాలావాటిని ఆ అధ్యాయం తెరిచి చూడకుండానే పంపాను. నాకు ఎవరో పంపారు, నేను మీకు పంపాను. అంతే.

ఒకరోజు అలా పంపింది యిర్మీయా 29:11. దేవుడు తన ప్రజలకు కీడు కాదు, మేలే తలపెట్టాడని, వాళ్లకు నిరీక్షణ ఇస్తాడని చెప్పే మాట. మన సంఘంలో ఒక చెల్లెలి భర్త అప్పటికి నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. భార్యాభర్తలిద్దరూ చామంతి పండించి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తెచ్చేవాళ్లు. ఆ ఉదయం కార్డు చూసి ఆమె, ఇది నా భర్తను గురించి దేవుడు పంపిన మాటే అనుకుంది. నెల తిరిగేలోగా లేచి కూర్చుంటాడని ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పింది. ఇరవై రోజులకు ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు.

మూడో రోజు ప్రార్థన అయ్యాక ఆమె నన్ను ఒక్కటే అడిగింది: "అయ్యగారూ, ఆ మాట నాకు గాదా? మరి ఎవరికి రాసిండ్రు?"

నా దగ్గర జవాబు లేదు. "దేవుని చిత్తం తల్లీ" అని వచ్చేశాను. అది జవాబు కాదని, తప్పించుకోవడమని దారిలోనే నాకు తెలిసిపోయింది. ఎవరికి రాశారో నిజంగానే నాకు గుర్తు లేదు.

ఆ తర్వాత వారంలోనే మా అక్కకు కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. బావ లేడు. పూటపూటకూ కంట్లో చుక్కలు వేయడానికి ఒక మనిషి కావాలి. నేను వెళ్లాను. సంచిలో బైబిలు, మా నాన్న చదివిన పాత 'యాత్రికుని ప్రయాణము', సాధు సుందర్ సింగ్ గారి జీవితం, భక్త సింగ్ గారి సాక్ష్యం పెట్టుకున్నాను.

గుడిమల్కాపూర్ మీలో చాలామందికి తెలిసిన చోటే. మెహిదీపట్నం పక్కన, ఎక్స్‌ప్రెస్ వే స్తంభాల నీడలో ఉంటుంది. ఒకప్పుడు జాంబాగ్‌లో ఉన్న పూల మార్కెట్ ఇప్పుడు ఇక్కడ ఉంది. కోడి కూయకముందే చేవెళ్ల, మొయినాబాద్ వైపు నుంచి ట్రాలీలు దిగుతాయి. బంతి, చామంతి, గులాబీ, లిల్లీ గుట్టలుగా పోసి కిలోల లెక్కన అమ్ముతారు. మా అక్క ఇల్లు ఆ వెనక సందులోనే. తెల్లవారుజామున కిటికీ తెరిస్తే వాసన ఇల్లంతా నిండుతుంది. సాయంత్రానికి అమ్ముడుపోనివి వాడి, తొక్కుడుపడి, చెత్తబండి ఎక్కుతాయి.

మొదటి రెండు రోజులు కష్టంగానే గడిచాయి. అక్క కంట్లో చుక్కలు వేయడం, పుస్తకం తీయడం, అర పేజీ కాగానే చెయ్యి జేబులోకి పోవడం. అక్కడ బటన్ ఫోన్ తగిలితే సిగ్గు. మళ్లీ అదే వాక్యం మొదటి నుంచి చదవడం. ఇరవై ఏళ్లుగా ప్రసంగాలు చేస్తున్నవాడిని, ఒక అధ్యాయం ఏకబిగిన చదవలేకపోతున్నాను. మూడో రోజు అక్క అంది: "నీలో నువ్వు గొణుక్కుంటే నాకేం తెలుస్తది తమ్ముడూ? నోరు తెరిచి చదువు, నేను వింట." అప్పటి నుంచి గట్టిగా చదివాను. అక్క అర్థం కానిచోట ఆపి అడిగేది. అప్పుడే చదువు సాగింది.

మొదట చదివింది సుందర్ సింగ్ గారి జీవితం. ఆయన 1889లో పంజాబులోని రాంపూర్‌లో సిక్కు కుటుంబంలో పుట్టాడు. తల్లి చనిపోయాక మనసు విరిగి, మిషన్ బడిలో ఇచ్చిన సువార్త పుస్తకం మీద కోపం పెంచుకుని, 1904 డిసెంబరులో దాన్ని తన ఇంటి ముంగిట్లోనే తగలబెట్టాడు. మూడు రోజులకు, తెల్లవారేలోగా దేవుడు కనబడకపోతే రైలు కింద పడతానని రాత్రంతా ప్రార్థించిన ఆ పిల్లవాడికి క్రీస్తు దర్శనమిచ్చాడు. 1905లో, తన పదహారో పుట్టినరోజున, సిమ్లాలో బాప్తిస్మం పొందాడు. ఆ తర్వాత కాషాయం కట్టి, కాళ్లకు చెప్పులు లేకుండా టిబెట్ దాకా సువార్త మోశాడు. 1929లో ఆ దారిలోనే వెళ్లి తిరిగి రాలేదు.

"కాల్చినోడే మోసిండా!" అంది అక్క.

రెండోది భక్త సింగ్ గారి సాక్ష్యం. ఈయన పేరు మన ప్రాంతంలో తెలియని విశ్వాసి ఉండడు. గుడిమల్కాపూర్ నుంచి నగరం అవతలి వైపుకు పోతే, ముషీరాబాద్ గోల్కొండ చౌరస్తా దగ్గర ఆయన సేవకు కేంద్రమైన హెబ్రోను ఉంది. ఏటేటా పరిశుద్ధ సమావేశాలకు మన ఊళ్ల నుంచి పెట్టె బేడా సర్దుకుని వెళ్లినవాళ్లు మనలోనే ఉన్నారు. 2000 సెప్టెంబరు 17న ఆయన ప్రభువునందు నిద్రించినప్పుడు వేలాది మంది ఈ నగరానికి తరలివచ్చారు. అంతటి మనిషి మొదలు ఎక్కడుందో చూడండి.

1903లో పంజాబులో, ఈయనా సిక్కు కుటుంబంలోనే పుట్టాడు. చదువుకునే రోజుల్లో ఎవరో ఒక మంచి బైబిలు బహుమతిగా ఇచ్చారు. దాని అట్ట తోలుతో చాలా అందంగా ఉంది. ఆ కుర్రవాడు అట్ట దాచుకుని లోపలి కాగితాలు చింపేశాడు.

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. అక్క "చదువు" అన్నా నోరు పెగల్లేదు. అట్ట దాచుకుని కాగితాలు పారేయడమంటే ఏమిటి? మూడేళ్లుగా తెల్లవారి ఐదున్నరకి నేను చేస్తున్న పని అదే కదా? అందమైన బొమ్మ, అందమైన అక్షరాలు, ఒక్క వచనం దాచుకుని, దానికి ముందున్నదీ వెనకున్నదీ చింపి పారేశాను. ఆ కుర్రవాడు తెలియక చేశాడు. నేను మెడలో కాపరి అన్న పేరు వేసుకుని చేశాను.

మిగతా కథ వినండి. ఇంజనీరింగు చదవడానికి ఆయన 1926లో లండన్ వెళ్లాడు. అక్కడి నుంచి కెనడా చేరాడు. 1929 డిసెంబరులో విన్నిపెగ్ పట్టణంలో ఒక స్నేహితుణ్ని బైబిలు అడిగితే, ఆయన తన జేబులోని కొత్త నిబంధన తీసి ఇచ్చాడు. ఆ రాత్రి మత్తయి సువార్తతో మొదలుపెట్టి తెల్లవారుజాము మూడింటి దాకా చదివాడు. పొద్దున లేస్తే బయటంతా మంచు. గదిలోనే ఉండి మళ్లీ చదివాడు. రెండో రోజు యోహాను మూడో అధ్యాయంలో యేసు నీకొదేముతో నిశ్చయంగా చెబుతున్నానంటూ మాట మొదలుపెట్టిన చోట ఆ యువకుడి గుండె పట్టుబడింది. తర్వాత సొంత బైబిలు కొనుక్కుని, ఆదికాండము నుంచి మొదలుపెట్టి, కొన్ని రోజులు గంటలకు గంటలు చదువుతూ నెలల్లో మొత్తం పూర్తిచేసి, మళ్లీ మొదటికి వచ్చాడు. ఆ రోజుల్లోనే వార్తాపత్రికలు, మాసపత్రికలు, నవలలు పక్కన పెట్టేశానని ఆయనే చెప్పుకున్నాడు.

ప్రియులారా, 1930 నాటి చదువుకున్న కుర్రవాడికి పత్రికలూ నవలలూ అంటే ఈనాటి మన పిల్లలకు ఇన్‌స్టాగ్రాం, యూట్యూబ్ లాంటివి. వాటిని పాపమని ఆయన వదల్లేదు. అంతకంటే రుచి గలది దొరికింది గనుక వదిలాడు. ముందు నోట్లో తేనె పడింది, తర్వాత చేతిలోని బెల్లం ముక్క జారిపోయింది. మనం దీన్ని తలకిందులుగా చేస్తాం. ఫోన్ పక్కన పెట్టి, చెయ్యి ఖాళీగా ఉంచుకుని, మూడు రోజులకు ఓడిపోతాం. వెళ్లిపోయిన అపవిత్రాత్మ తిరిగి వచ్చి, ఊడ్చి అమర్చి ఖాళీగా ఉన్న ఇంటిని చూసి, మరి ఏడింటిని వెంటబెట్టుకు వచ్చిందని ప్రభువు చెప్పిన ఉపమానం గుర్తుంది కదా. ఇల్లు ఊడిస్తే సరిపోదు. అందులో కాపురం ఉండేవాడు కావాలి.

నాలుగో రోజు అక్క అడిగింది: "వాళ్లకు ఇంగిలీషు వచ్చు, చదువుకున్నరు. మన తెలుగుల బైబిలు ఎట్ల వచ్చింది తమ్ముడూ?" బైబిలు స్కూల్లో నేర్చుకున్నది గుర్తు చేసుకుని చెప్పాను. మీకూ చెబుతాను. మన పిల్లలకు ఇది తెలియాలి.

తెలుగు అచ్చు పుస్తకం పుట్టిందే వాక్యం కోసం. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ మద్రాసులో తెలుగు నేర్చుకుని, స్వదేశం వెళ్లాక జర్మనీలోని హాలే పట్టణంలో 1746, 1747 సంవత్సరాల్లో చిన్న చిన్న తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు అవేనంటారు. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ దేగ్రాంజ్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి తోడుగా సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో చనిపోయాడు. దేగ్రాంజ్ 1810లో చనిపోయాడు. వాళ్ల శ్రమ 1812లో సేరంపూర్‌లో అచ్చయింది. ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకునే భాగ్యం ఆ ఇద్దరిలో ఒక్కరికీ దక్కలేదు.

అదే 1812 మార్చి 11 రాత్రి సేరంపూర్ ముద్రణాలయం తగలబడింది. విలియం కేరీ ఏళ్ల తరబడి రాసుకున్న వ్రాతప్రతులు, ఎన్నో భాషల అచ్చు అక్షరాలు బూడిదయ్యాయి. కేరీ కూర్చుని మళ్లీ మొదటి నుంచి రాశాడు. 1818 నాటికి కొత్త నిబంధన మొత్తం తెలుగులో అచ్చయింది.

ఆ అచ్చు కాగితాలు ఊరికే పోలేదు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌధరి చేతికి తెలుగు కరపత్రం ఒకటి చేరింది. చదివాడు, వెతికాడు, 1833లో బాప్తిస్మం పొందాడు. ఇవాళ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఆయన పేరున్న పాటలు ఎన్ని ఉన్నాయో చూడండి. ఒక మనిషి ఒక కరపత్రాన్ని శ్రద్ధగా చదివినందుకు, మనం దాదాపు రెండు వందల ఏళ్లుగా ఆదివారం ఆదివారం పాడుకుంటున్నాం.

చదువు రాని మన తాతల మాట కూడా మరచిపోవద్దు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్య గారి కాలంలో, పల్లె సంఘాల్లో అక్షరం వచ్చినవాళ్లు చాలా తక్కువ. వాళ్లు విశ్వాస ప్రమాణాన్ని, పది ఆజ్ఞలను, ప్రభువు ప్రార్థనను, పాటలను కంఠతా పట్టారు. కూలి చేసి వచ్చి, దీపం ముందు కూర్చుని, ఒకడు చెబుతుంటే పదిమంది పలికారు. వాళ్ల చేతిలో అట్ట లేదు. కాగితాలు మాత్రం గుండెలో ఉన్నాయి.

ఆరో రోజు నుంచి 'యాత్రికుని ప్రయాణము' చదివాం. రాసిన జాన్ బన్యన్ పాత్రలకు మాట్లు వేసే పనివాడు. పెళ్లినాటికి ఆయనకు, భార్యకు కలిపి ఒక కంచం, ఒక గరిటె కూడా లేవట. ఆమె మాత్రం తండ్రి ఇచ్చిన రెండు భక్తి పుస్తకాలు అత్తింటికి తెచ్చుకుంది. ఆ రెండూ ఇద్దరూ కలిసి చదివేవారు. ఆయన మార్పుకు మొదటి మెట్టు అదే. తర్వాత ప్రసంగించడం మానుకోనన్నందుకు 1660 నుంచి 1672 దాకా పన్నెండేళ్లు బెడ్‌ఫర్డ్ చెరసాలలో ఉన్నాడు. 1678లో అచ్చయిన ఆయన పుస్తకం భాషలు దాటి తెలుగు దాకా నడిచి వచ్చింది. నిరాశ ఊబిలో క్రైస్తవుడు దిగబడిపోయే చోట అక్క కొంగుతో ముఖం తుడుచుకోబోతే, "కన్ను తడవద్దు" అని నేనే ఆపాల్సి వచ్చింది.

ఒక సంగతి గమనించారా? ఈ కథల్లో పుస్తకం ఎప్పుడూ ఒక మనిషి చేతి నుంచే వచ్చింది. స్నేహితుడి జేబులోంచి, భార్య పెట్టెలోంచి, చనిపోయిన అనువాదకుని బల్ల మీంచి. చదివినవాడు కూడా చదువుతూ ఉండిపోలేదు, లేచి మరో మనిషి దగ్గరికి వెళ్లాడు. మంచి భక్తి పుస్తకం మనల్ని తనలో ఉంచుకోదు. బైబిలు దగ్గరికి తోస్తుంది, అక్కడి నుంచి పొరుగువాడి గుమ్మం దగ్గరికి తోస్తుంది.

నన్నూ అలాగే తోసింది. చివరి మూడు రోజులు యిర్మీయా గ్రంథం మొదటి నుంచి చదివాం. 29వ అధ్యాయం చేరేసరికి నా చేతులు వణికాయి. అది ఒక ఉత్తరం. యెరూషలేములో ఉన్న యిర్మీయా, బబులోనుకు చెరపట్టబడి పోయినవాళ్లకు మనుషుల చేత పంపిన ఉత్తరం. ముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పి జనాన్ని సంతోషపెట్టాడు. యిర్మీయా కాదన్నాడు. డెబ్బై ఏళ్లు పడుతుంది, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని రాశాడు. ఆ డెబ్బై ఏళ్ల మాట వెంటనే వస్తుంది మనందరికీ ఇష్టమైన 11వ వచనం.

అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి ఇల్లు చూడకుండానే బబులోను మట్టిలో కలిసేవాళ్లే. అది తెలిసే దేవుడు వాళ్లకు మేలు తలపెట్టానన్నాడు. నేనేం చేశాను? యిర్మీయా మాటను తీసుకుని, ముందూ వెనకా చింపి, హనన్యా మాటగా మార్చి ఆ చెల్లెలికి పంపాను. వాక్యం ఆమెను మోసం చేయలేదు. నేను పంపిన అట్ట మోసం చేసింది.

ఇంకాస్త ముందుకు, 36వ అధ్యాయంలో, యెహోయాకీము రాజు చలికాలపు నగరులో కుంపటి ముందు కూర్చుని, గ్రంథం చదువుతుంటే మూడు నాలుగు పుటలకోసారి చాకుతో కోసి నిప్పుల్లో వేశాడు. దేవుడు మళ్లీ రాయించాడు, ఇంకా ఎక్కువ మాటలు చేర్చాడు. రాజు కాల్చాడు, సుందర్ సింగ్ కాల్చాడు, భక్త సింగ్ చింపాడు, సేరంపూర్‌లో తగలబడింది. ఏ నిప్పూ వాక్యాన్ని ఆపలేదు. చింపిన చేతులతోనే తిరిగి తెరిచినవాళ్లను దేవుడు వాడుకున్నాడన్నదే నాకు దొరికిన ఆదరణ.

ఊరికి రాగానే బైబిలు పట్టుకుని ఆ చెల్లెలి ఇంటికి వెళ్లాను. ముందు క్షమాపణ అడిగాను. తర్వాత 29వ అధ్యాయం మొత్తం చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది: "అయితే అప్పుడు ఆ ఉత్తరం విన్నోళ్లల్ల గూడ సచ్చిపోయినోళ్లు ఉన్నరా అయ్యగారూ?"

"ఉన్నరమ్మా. చాలామంది."

"మరి వాళ్లు తోటలు పెట్టిండ్రా?"

"దేవుడు పెట్టమన్నడు తల్లీ."

ఆమె లేచి వాకిట్లోకి వెళ్లి, భర్త పోయినప్పటి నుంచి బీడుపడ్డ చేను వైపు చూస్తూ నిలబడింది. వారం తర్వాత కబురు తెలిసింది, అర ఎకరం దున్నించిందట. చామంతి నారుకు చెప్పిందట.

ఇక నుంచి తెల్లవారి కార్డు రాదు. దాని బదులు ప్రతి శనివారం ఒక అధ్యాయం పేరు పంపుతాను. వారమంతా దాన్నే చదవండి. ఫోన్‌కు సెలవు ఇవ్వాలనుకునేవాళ్లు, ముందు చేతిలోకి ఒక పుస్తకం తెచ్చుకుని, తర్వాత ఫోన్ కింద పెట్టండి. ఒంటరిగా సాగకపోతే ఇంట్లో ఒకరికి గట్టిగా చదివి వినిపించండి. కళ్లు కనబడని ముసలివాళ్లు మీ ఇంట్లోనే ఉంటారు, వాళ్లకంటే శ్రద్ధగా వినేవాళ్లు దొరకరు. పుస్తకం అయిపోయాక మీ దగ్గర ఉంచుకోవద్దు, మీ చేతితో ఇంకొకరి చేతికి ఇవ్వండి. మా నాన్న 'యాత్రికుని ప్రయాణము' మందిరంలో బల్ల మీద పెట్టాను. అట్ట ఊడిపోయింది. కాగితాలన్నీ ఉన్నాయి.

ప్రార్థన: ప్రభువా, నీ మాటను ముక్కలు చేసిన మా చేతులను క్షమించు. చింపిన చోటే మళ్లీ తెరిచి చదివే మనసు మాకు దయచేయి. ఇంకా రాని మేలు కోసం ఎదురుచూస్తూనే, ఇవాళ మా చేను దున్నుకునే బలం ఇవ్వు. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ పాస్టరు